దీపం మీద కోపం

కరెంటు వాడకాన్ని కొలవడానికి ప్రతి ఇంట్లోనూ రెండు సాధనాలుంటాయి. ఒకటి గోడకు బిగించిన మీటరు, రెండోది ఇంటి పెద్ద కన్ను. మీటరు ఖర్చయినదంతా రాసుకుంటుంది. కన్ను వెలిగేవాటిని మాత్రమే రాసుకుంటుంది. పొదుపు పేరుతో తెలుగు ఇళ్ళలో జరిగే రుసరుసల్లో చాలా భాగం ఈ రెండు లెక్కలకూ పొంతన కుదరక పుట్టినవే.

ఈ విషయం పరిశీలించడానికి అమృతలూరు అనువైన ఊరు. తెనాలికి దక్షిణంగా, కృష్ణా పశ్చిమ డెల్టాలో, కాలవ నీళ్ళ కింద వరి పండే మండల కేంద్రం. 2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లా నుంచి బాపట్ల జిల్లాలోకి వెళ్ళింది. జిల్లా మారింది గానీ ఉక్కపోత మారలేదు. వానాకాలం మొదలు సంక్రాంతి ముందు దాకా ఏ కిటికీ తెరిచినా చేలే కనబడతాయి గనుక, పచ్చదనం గురించి తమకు ఒకళ్ళు చెప్పాల్సిన పని లేదన్న ధీమా ఈ వైపు ఊళ్ళన్నిటికీ ఉంది. ధీమా సబబే. కాకపోతే కరెంటు చేలో పండదు, దాన్లో పెద్ద వాటా బొగ్గుదే. విజయవాడకు ఎగువన ఇబ్రహీంపట్నంలో, 1979లో మొదటి యూనిట్ మొదలైన నార్ల తాతారావు థర్మల్ కేంద్రానికి ఇటు సింగరేణి నుంచీ అటు ఒడిశాలోని తాల్చేరు నుంచీ రైళ్ళకు రైళ్ళు బొగ్గు వస్తుంది. ఒక యూనిట్ కరెంటు పుట్టాలంటే సుమారు 700 గ్రాముల బొగ్గు కాలాలి. యూనిట్ అంటే వెయ్యి వాట్ల వస్తువు గంటసేపు తినే మేత. ఈ రెండంకెలు తెలిస్తే మిగిలిందల్లా ఇంట్లో ఏది ఎంత మేస్తోందో కనిపెట్టడమే.

దీపంతో మొదలుపెట్టాలి. ఇంటి పెద్ద అక్కడే మొదలుపెడతాడు గనుక. సాయంత్రం దీపాలు పెట్టే వేళ వసారాలో పడకకుర్చీలోంచి కేక వినబడుతుంది: "ఎవుర్రా ఆ గదిలో లైటేసి వచ్చింది? కరెంటేమన్నా కాలవలో పారతందా?" లోపలినుంచి మనవడు పరుగెత్తుకొచ్చి లైటు తీసేస్తాడు. ఆ క్షణాన పెద్దాయన నెత్తిమీద ఫ్యాను ఐదో నంబరులో తిరుగుతుంటుంది. పక్క గదిలో మనిషి లేని మంచానికి ఇంకో ఫ్యాను గాలి విసురుతుంటుంది. స్నానాలగదిలో పొద్దున వేసిన గీజరుకు ఎర్రలైటు వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. వీటిమీద కేకలుండవు.

ఆ కోపానికి న్యాయమైన చరిత్రే ఉంది. వెనకటి 60 వాట్ల గుండు బల్బు తాను తిన్నదాంట్లో నూటికి ఐదు పాళ్ళు వెలుగిచ్చి, మిగతాదంతా వేడి కింద వదిలేసేది. నాలుగు గదుల్లో నాలుగు బల్బులు నాలుగు గంటలు వెలిగితే ఇంచుమించు ఒక యూనిట్ అయ్యేది. ఆ రోజుల్లో లైటు తీసెయ్యమనడం అచ్చమైన అర్థశాస్త్రం. 2014లో గుంటూరు సహా రాష్ట్రంలోని నాలుగు జిల్లాల్లో పాత బల్బులు తీసుకుని, ఇంటికి రెండేసి ఎల్ఈడీ బల్బులు ఒక్కోటి 10 రూపాయలకు ఇచ్చారు. మరుసటి ఏడాది జనవరిలో ఇదే పని దేశమంతటా మొదలైంది, తర్వాత దానికి ఉజాలా అన్న పేరు వచ్చింది. ఇప్పుడు 9 వాట్ల బల్బుకు ఒక్క యూనిట్ 111 గంటలు సరిపోతుంది. రోజుకు ఐదు గంటల చొప్పున వేసినా మూడు వారాల పైచిలుకు. దీపం బక్కచిక్కిపోయింది, దాని మీద కోపం మాత్రం పాత లావునే ఉంది.

అంటే లైటు వేసి వదిలెయ్యమని కాదు. తీసెయ్యాల్సిందే. కానీ ఇంటి పెద్ద గొంతుకు రోజుకు ఇన్ని కేకలనే కోటా ఉంటుంది, దాన్ని ఎక్కడ ఖర్చు పెట్టాలన్నదే ప్రశ్న. చోక్ ఉన్న పాత 40 వాట్ల ట్యూబులైటు చోక్‌తో కలిపి 50 వాట్లు దాటేస్తుంది. దాని స్థానంలో 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబు పెడితే ఓ కేక మిగులుతుంది. ఏ ఊళ్ళోనైనా సరే, మిట్టమధ్యాహ్నం స్తంభం మీద వీధిదీపం వెలుగుతుంటే మాత్రం ఎవరికీ కోపం రాకపోవడం గమనించదగ్గది. దాని బిల్లు ఏ పడకకుర్చీ దగ్గరికీ రాదు.

ఫ్యాను సంగతి వేరు. అది వెలగదు కాబట్టి దానికి శిక్ష లేదు. మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్లు తింటుంది, అంటే ఎనిమిది ఎల్ఈడీ బల్బుల పెట్టు. డెల్టాలో మార్చి నుంచి అక్టోబరు దాకా ఫ్యాను ఆగే గంటలకంటే తిరిగే గంటలే ఎక్కువ. రోజుకు 18 గంటలు తిరిగితే ఒక్కో ఫ్యానుకు 1.35 యూనిట్లు. కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాను అదే గాలి 30 వాట్లతో విసురుతుంది. ఒక ఫ్యాను మారిస్తే నెలకు 24 యూనిట్లు, మూడు మారిస్తే 72. ధర ఎక్కువే గానీ రెండు మూడు వేసవుల్లో రాబట్టుకోవచ్చు. దానితో రిమోటు కూడా వస్తుంది. ఆ రిమోటుకు ప్లాస్టిక్ కవరు తొడిగి రబ్బరుబ్యాండు వేసి జాగ్రత్తగా దాచడం, ఆ తర్వాత ఎక్కడ దాచారో ఇంటిల్లిపాదీ వెతకడం, చివరికి గోడమీద స్విచ్‌తోనే వేసుకోవడం ఈ పరిజ్ఞానంలో భాగాలు.

గోడకు డబ్బాలా ఉండే పాతకాలం రెగ్యులేటరుకు ఇంకో గుణం ఉంది. ఫ్యాను వేగం తగ్గిస్తే మిగిలిన కరెంటును అది తన కడుపులోనే వేడి చేసి పారబోస్తుంది. ఐదు నుంచి రెండుకు తిప్పి పొదుపు చేశామనుకునే వాళ్ళకు దక్కేది తక్కువ గాలీ వెచ్చటి డబ్బా తప్ప బిల్లులో పెద్ద తేడా కాదు. గుండ్రంగా తిరిగే చిన్న ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు ఆ దుబారా చెయ్యదు. అసలు మాట ఇంకొకటుంది: ఫ్యాను గదిని చల్లబరచదు, మనిషిని చల్లబరుస్తుంది. ఒంటిమీద చెమట ఆరితేనే హాయి. చెమట పట్టని మంచానికి ఎంతసేపు విసిరినా దానికి సుఖం తెలియదు.

చిల్లర దొంగల గురించి ఒక్క ముక్క. సెల్‌ఫోను ఛార్జరు ప్లగ్గులో ఉత్తగా ఉంటే ఏడాదంతా కలిపి తినేది రెండు యూనిట్లకు లోపే. అయినా దాని మీద నిఘా గట్టిగానే ఉంటుంది. టీవీ కింద కూర్చున్న సెట్‌టాప్ బాక్సు మాత్రం టీవీ కట్టేశాక కూడా 10 వాట్లు లాగుతూ నెలకు ఏడు యూనిట్లు మింగుతుంది. సీరియల్ అయ్యాక గోడ స్విచ్ కట్టేస్తే చాలు.

ఇక ఫ్రిజ్. ఇంట్లో సెలవన్నది లేకుండా పనిచేసేది ఇదొక్కటే గనుక దీని గురించి కాస్త నింపాదిగా చెప్పుకోవాలి. తలుపు తెరిస్తే మొదటి అరలో ఇడ్లీ పిండి, పాలప్యాకెట్లు, పెరుగు. ఇవి న్యాయమైన కాపురస్థులు. వాటి వెనకాల నిన్నటి పులుసు, మొన్నటి పప్పు, ఎవరూ ఒప్పుకోని ఒక స్టీలు గిన్నె. తలుపు అరల్లో హోమియో మాత్రలు, గోరింటాకు ముద్ద, పెళ్ళిలో పంచిన మల్లెపూలు, బ్యాటరీ సెల్లులు. అడుగున ఆవకాయ జాడీ. ఆవకాయకు ఫ్రిజ్‌తో పనేమిటో ఎవరూ చెప్పలేరు. ఉప్పూ కారం ఆవపిండీ నూనే కలిపి పెట్టిందే ఏడాది పొడుగునా బయట నిలవడానికి. అది ఫ్రిజ్ దాకా ఎందుకు వచ్చిందని అడిగితే, "చోటుంది కదండీ, పెట్టా" అన్న జవాబు వస్తుంది.

ఫ్రిజ్‌కు కావలసిన మర్యాదలు కొన్నే. వేడి పులుసు చల్లారాక పెట్టాలి. గోడకు నాలుగంగుళాలు ఎడంగా జరపాలి. తలుపు సందులో పది రూపాయల నోటు పెట్టి మూసి లాగితే, అది బిగువు లేకుండా జారి వచ్చేస్తే రబ్బరు వదులైందని అర్థం. రబ్బరు మార్పించడానికి పెద్ద ఖర్చవదు. ఇప్పుడొచ్చే ఫ్రిజ్‌లు చాలావరకూ లోపలి వేడిని రెండు పక్కల రేకుల్లోంచే బయటికి పంపుతాయి. చెయ్యి ఆనిస్తే వెచ్చగా తగిలేది అదే. సరిగ్గా ఆ రెండు పక్కలా వేలాడేలా, జేబులతో, కుచ్చులతో, పూలు కుట్టిన కవరు కప్పడం మన గృహాలంకరణ. ఆ జేబుల్లో గ్యాసు పుస్తకం, పాత బిల్లులు, కంటద్దాలు ఉంటాయి. మే నెలలో ఫ్రిజ్‌కు స్వెట్టరు తొడిగినట్టన్నమాట.

ఫ్రిజ్ మీద అతికించిన నక్షత్రాల కాగితం 2006లో బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ మొదలుపెట్టిన పద్ధతి. దాన్ని కొన్నది మొదలు పదేళ్ళయినా ఊడదీయరు, చదవనూ చదవరు. నక్షత్రాల కంటే దానిమీద ఏడాదికి ఎన్ని యూనిట్లు అని రాసిన అంకె ముఖ్యం. ప్రమాణాలను ఎప్పటికప్పుడు బిగిస్తుంటారు కాబట్టి కొన్ననాటి ఐదు నక్షత్రాల ఫ్రిజ్‌కు ఇవాళ అన్నీ దక్కవు. అందుకే కొత్తది కొంటారు. పాతదాన్ని మాత్రం అమ్మరు. "వాడిచ్చే రెండు వేలకు ఎందుకులే, వేసంకాలం నీళ్ళ సీసాలకు పనికొస్తది" అని వెనక వరండాలో, పడమటెండ తగిలేచోట పెట్టి ప్లగ్గు పెడతారు. పొదుపు కోసం కొన్న ఫ్రిజ్ వచ్చాక ఇంట్లో రెండు ఫ్రిజ్‌లు అవుతాయి.

నీళ్ళ సీసాల పని మట్టికుండ చెయ్యగలదు. కుండ చెమర్చి, ఆ తడి ఆవిరై, లోపలి నీళ్ళు చల్లబడతాయి. అయితే ఇది గాలి పొడిగా ఉంటేనే బాగా పనిచేస్తుంది. పల్నాడులోని రెంటచింతల ఎండల్లో కుండ విజృంభిస్తుంది. సముద్రం దగ్గరైన డెల్టాలో పడమటి గాలి తోలినన్నాళ్ళే దాని ప్రతాపం, గాలి తిరిగి ఉక్క మొదలయ్యాక నీరసపడుతుంది. ఎయిర్ కూలరు సంగతీ అంతే. పల్నాడు చుట్టం ఇంట్లో హాయిగా ఉందని కొనుక్కొచ్చిన కూలరు జూన్ నెల తెనాలి ప్రాంతంలో ఆవిరిస్నానం చేయిస్తుంది. తలుపులు కిటికీలు తీసి పెట్టి, వెనకనుంచి బయటి గాలి అందేలా పెడితే కొంత నయం.

ఏసీ దగ్గర చెప్పవలసింది కొద్దే. 2020 జనవరి నుంచి కొత్త ఏసీలన్నీ వేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా తయారుచెయ్యాలని నిబంధన పెట్టారు. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంటు మిగులుతుందని బ్యూరో లెక్క. మొదటి రోజే దాన్ని 18కి దించి, బీరువాలోంచి బొంతలు తీసి కప్పుకోవడం డెల్టా ఆచారం. 26 దగ్గర పెట్టి పైన ఫ్యాను ఒకటి రెండులో వేసుకుంటే బొంత బీరువాలోనే ఉంటుంది.

అసలు గజదొంగ స్నానాలగదిలో ఉంది. నీళ్ళు వేడి చెయ్యడానికి చాలా శక్తి కావాలి. 25 లీటర్ల గీజరులో నీళ్ళను 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తేవాలంటే ఒక యూనిట్ పూర్తిగా పడుతుంది. అదే 111 గంటల దీపం. మనవడు మరిచిపోయిన లైటుకు మూడు వారాల్లో అయ్యే ఖర్చును తాతగారు ఒక్క తలంటుతో తేల్చేస్తారు, ఇబ్రహీంపట్నంలో ముప్పాతిక కిలో బొగ్గు కాలిపోతుంది. పైగా అంత మరిగించిన నీళ్ళు ఒంటికి పట్టవు గనుక చన్నీళ్ళు కలుపుకోవాలి. గీజరు మీద తిప్పుడు మరను 45 దగ్గరికి దించితే ఆ కలుపుడు తప్పుతుంది. స్నానానికి కాస్త ముందు వేసి, దిగేముందు కట్టెయ్యడం ఇంకా మేలు. రోజంతా వేసి ఉంచితే చల్లారినప్పుడల్లా మళ్ళీ వేడిచేస్తూ ఎవరూ స్నానం చెయ్యని నీళ్ళకు కాపలా కాస్తుంది. ఇందులో విడ్డూరం ఒకటుంది. మే నెల మధ్యాహ్నం మేడమీది నల్ల ట్యాంకు నుంచి కుళాయిలో మరిగే నీళ్ళు ఊరికే వస్తాయి, అప్పుడు ఎవరికీ అక్కర్లేదు. కావలసింది డిసెంబరు తెల్లవారుజామున.

ఈ తిండి అంతా బిల్లులో ఎలా తేలుతుందో కూడా తెలుసుకోవాలి. 2022లో వచ్చిన టారిఫ్ ప్రకారం ఇళ్ళకు మొదటి 30 యూనిట్లు 1.90 రూపాయల చొప్పున, 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆ పైన 9.75. మెట్లు మెట్లుగా లెక్క వేస్తారు. 226వ యూనిట్ కాలితే మొత్తం బిల్లంతా పై రేటుకు ఎగబాకుతుందని రచ్చబండ మీద గట్టి నమ్మకం ఉంది గానీ, పై రేటు ఆ ఒక్క యూనిట్‌కే. లెక్క చూడండి: 125 యూనిట్లకు 417 రూపాయలు. 225 అయితే 1,017. అంటే మొదటి 125 యూనిట్లకు అయినదానికంటే తర్వాతి వందకే ఎక్కువ. పొదుపు చేసినవాడికి మిగిలేది ఎప్పుడూ పై మెట్టు రేటే, అందులోనే లాభం. వీటికి స్థిర ఛార్జీలు, సుంకం, ఇంధన సర్దుబాటు, ట్రూ అప్ వంటివి తోడవుతాయి. ఎప్పుడో వాడేసిన కరెంటుకు ఇప్పుడు సర్దుబాటు ఏమిటని అడిగితే మీటరు రీడింగుకు వచ్చినవాడు చిన్న మిషన్‌లోంచి కాగితం చింపి చేతిలో పెట్టి పక్కింటికి నడుస్తాడు. ఆ కాగితం మీద అక్షరాలు నెల తిరక్కముందే చెరిగిపోతాయి, బాకీ మాత్రం చెరగదు.

వంటింట్లో పొదుపు మూతతో మొదలవుతుంది. మూత లేని గిన్నెలోంచి ఆవిరి రూపంలో గ్యాసే పైకి పోతుంటుంది. నీళ్ళు మరగడం మొదలయ్యాక మంట ఎంత పెంచినా వాటి వేడి 100 డిగ్రీలు దాటదు, త్వరగా ఇగిరిపోవడం తప్ప. గిన్నె అంచులు దాటి పైకి ఎగబాకే మంట పప్పును కాదు, వంటింటిని వండుతుంది. కుక్కరు లోపల ఒత్తిడి వల్ల వేడి 120 డిగ్రీల దాకా వెళ్తుంది కాబట్టే పప్పు తొందరగా ఉడుకుతుంది. ఒక విజిల్ రాగానే మంట తగ్గిస్తే అదే ఒత్తిడి నిలబడుతుంది. కూత అంటే ఎక్కువైన ఆవిరి బయటికి పోవడమే. కానీ విజిల్‌ను వంటకు గడియారంగా వాడటం స్థిరపడిపోయింది. "ఎన్నొచ్చినయ్యే?" "నాలుగత్తయ్యా." "నేను మూడే విన్నా, ఇంకోటి రానియ్." అత్తకూ కోడలికీ లెక్క కుదిరేలోగా అయిదోది వస్తుంది.

కందిపప్పును అరగంట నానబెడితే సగం గొడవ తీరుతుంది. బియ్యమూ అంతే. బాపట్ల పరిశోధన స్థానం నుంచి 1986లో బయటికొచ్చిన బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, సన్న బియ్యం గనుక నానితే ఇట్టే ఉడికిపోతుంది. వెనకటి గృహిణి వార్చిన గంజి పారబోసేది కాదు. కొంత తాగేవాళ్ళు, కొంత పశువుల కుడితిలోకి, కొంత నూలు బట్టలకు. గంజి పెట్టిన చొక్కా ఇస్త్రీ చెయ్యడానికి ఇప్పుడు వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె కావాలనుకోండి. తడి ఆరకముందే దులిపి, మడిచి పరుపు కింద పెట్టే పద్ధతి ఉండేది, దానికి మీటరు తిరగదు. మండించకుండా తయారయ్యే ఫలహారం చద్దన్నం. రాత్రి అన్నంలో మజ్జిగ పోసి ఉంచితే చాలు. చిన్నప్పుడు అది పెట్టారని అలిగినవాళ్ళే ఇవాళ హోటల్లో మట్టిముంతలో వడ్డిస్తే ఫోటో తీసి, బిల్లు కట్టి వస్తున్నారు.

మోటారు ప్రస్తావన లేకుండా డెల్టా ఇల్లు పూర్తి కాదు. మేడమీది ట్యాంకుకు నీళ్ళెక్కించే ఒక హార్స్‌పవర్ మోటారు 746 వాట్లది. అరుగుదలా నష్టాలూ కలుపుకుంటే గంటకు దగ్గర దగ్గర ఒక యూనిట్. మోటారు వేసేవాళ్ళు ఇంట్లో చాలామంది ఉంటారు, కట్టేసేవాళ్ళు ఎవరూ ఉండరు. స్విచ్ వేసిన మనిషి ఆ వెంటనే బజారుకు వెళ్తుంది. ట్యాంకు నిండుతుంది, పిట్టగోడ మీదుగా పొర్లుతుంది, పక్కింటి దండెం మీద ఆరిన బట్టలన్నీ మళ్ళీ తడుస్తాయి. అప్పుడు ప్రహరీ అవతలినుంచి "పిన్నీ, ట్యాంకు పోతంది!" అన్న అరుపు వస్తుంది. ఊళ్ళలో వాడుకలో ఉన్న నమ్మకమైన నీటిమట్టం సూచిక ఇదే. ట్యాంకు నిండగానే మోటారును కట్టేసే సాధనం బజారులో దొరుకుతుంది, ఖరీదైనదీ కాదు. అది పెట్టిన ఇళ్ళలో పక్కింటివాళ్ళతో మాటలు తగ్గాయన్న ఫిర్యాదు ఒక్కటే ఉంది. సెకనుకు ఒక చుక్క కారే కుళాయి రోజుకు పదిహేను ఇరవై లీటర్లు వదులుతుంది, అంటే ఆ నీళ్ళను మేడమీదికి ఎక్కించిన కష్టం కూడా. ఇంట్లో ఆర్వో నీళ్ళ ఫిల్టరు ఒక బిందె మంచినీళ్ళిచ్చి రెండు మూడు బిందెలు కాలవలోకి వదిలేస్తుంది. ఆ గొట్టాన్ని బక్కెట్లో పెడితే ఇల్లు తుడవడానికీ, గిన్నెలు తొలవడానికీ సరిపోతాయి.

వస్తువుల విషయంలో ఈ ప్రాంతానికి ఒకప్పుడు పాఠాలు అక్కర్లేదు. నేతచీర జీవితచరిత్ర చూస్తే తెలుస్తుంది. కొత్తలో పెళ్ళిళ్ళకు, మెత్తబడ్డాక ఇంట్లో కట్టుకోవడానికి, చిరిగాక చంటిపిల్లవాడి ఉయ్యాలకు, ఆ తర్వాత నాలుగు పొరలు కలిపి బొంతగా, బొంత పీలికలై మసిగుడ్డగా, శుభ్రంగా మిగిలిన కాస్త ముక్క దీపం వత్తిగా. వత్తి అయ్యేదాకా దానికి విశ్రాంతి లేదు. చీర రకం మారి పాలిస్టరు వచ్చాక ఈ గొలుసు మధ్యలోనే తెగింది. పాలిస్టరు మసిగుడ్డ నీళ్ళు పీల్చదు, నేలమీద అటూ ఇటూ తిప్పుతుంది. దానికి స్టీలు సామాన్లావిడే గతి. మూడు పాత చీరలకు ఒక టిఫిను గిన్నె ఇస్తానని ఆవిడా, గిన్నెతోపాటు గరిటె కూడా ఇమ్మని ఇంటావిడా గుమ్మంలో గంటసేపు కూర్చుంటారు. పాత సామాను మళ్ళీ వాడకంలోకి రావడమనే ఏర్పాటు ఇంత చమత్కారంగా మరెక్కడా జరగదు.

ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ గ్లాసులు, పళ్ళేలు, చెమ్చాలను దేశమంతటా 2022 జులై 1 నుంచి నిషేధించారు. ఆ తర్వాత వచ్చిన పెళ్ళిభోజనాల్లో బల్లమీద అరిటాకు పరుస్తున్నారు. దగ్గరికి వెళ్ళి చూస్తే అది అరిటాకు బొమ్మ అచ్చువేసిన కాగితం, పైన మెరిసే పూత. కొల్లిపర, కొల్లూరు లంకల్లో ఎకరాలకెకరాల అరటితోటలున్న నేలమీద ఈ ఆకు లారీలో దిగుతుంది. తిన్నాక అసలు ఆకైతే గేదె తినేది. ఈ ఆకును గేదె కూడా వాసన చూసి వదిలేస్తుంది, తింటే దానికే ముప్పు.

రాకపోకల మాట క్లుప్తంగా. ఊళ్ళో బడ్డీకొట్టుకు నడిచి వెళ్ళేది మోటారుసైకిలు లేనివాళ్ళు మాత్రమే. మూడు వీధుల అవతల కొత్తిమీర కట్టకు బండి తీసి, కొట్టు ముందు ఇంజను కట్టకుండానే బేరమాడి వస్తారు. ఆ వచ్చినాయనే సాయంత్రం డాక్టరు చెప్పాడని కాలవ గట్టు మీద వాకింగుకు వెళ్తాడు. తెనాలికి పల్లెవెలుగు బస్సుంది, 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో ఆడవాళ్ళకు ఉచితం కూడా. వేమూరు దాకా వెళ్తే రేపల్లె రైలు దొరుకుతుంది. నిండిన బస్సు ఒక్కో ప్రయాణికుడికి కాల్చే ఇంధనం ఒంటరి కారు కంటే ఎన్నో రెట్లు తక్కువ. సీటు దొరకదన్నదే చిక్కు.

ఇల్లు దాటి చేలోకి వెళ్తే అమృతలూరు చుట్టుపక్కల రైతులు పుస్తకాల్లో చెప్పకముందే చేసిన పని ఒకటి కనిపిస్తుంది. ఇక్కడ వరి తర్వాత మినుము చల్లడం పాత పద్ధతి. వరి కోతకు ముందే చేలో మినుములు చల్లితే, మిగిలిన తేమతోనే పంట వచ్చేది. పల్లాకు తెగులు మినుమును పీడించడం మొదలయ్యాక చాలామంది మొక్కజొన్నకు మారారు. అదీ దుక్కి దున్నకుండా. వరి కోసిన మళ్ళలోనే, మోళ్ళ మధ్య తాడు పట్టి, కర్రతో గుంట చేసి గింజ వేస్తారు. జీరో టిల్లేజ్ అని దీనికి పేరు. ట్రాక్టరు దిగదు, డీజిల్ కాలదు, నేలలో తేమ పోదు, విత్తడానికి రోజులు కలిసొస్తాయి. కలుపు మందు కొట్టాల్సి రావడం ఈ పచ్చదనంలో నలుసు. దాన్ని దాచిపెట్టి పొగడటం న్యాయం కాదు. గడ్డి సంగతి కూడా అంతే. చేత్తో కోసిన రోజుల్లో వరిగడ్డి వామి వేసి ఏడాదంతా పశువులకు వేసేవాళ్ళు. కోత మిషను వచ్చాక గడ్డి చేలోనే చెల్లాచెదురుగా మిగిలి, పశువులేమో కొట్టాల్లోంచి పాలప్యాకెట్లలోకి మారిపోయి, చాలాచోట్ల అగ్గిపుల్లే దిక్కయింది. గడ్డి కట్టలు కట్టే మిషనుతో చుట్టించి అమ్మేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకు నాలుగు డబ్బులొస్తాయి, ఊరికి పొగ తప్పుతుంది.

చివరిది మేడ. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో ఇంటి పైకప్పు మీద సోలార్ పలకలు పెట్టుకుంటే రెండు కిలోవాట్ల దాకా కిలోవాటుకు 30,000 చొప్పున, మూడు కిలోవాట్లు అంతకు మించితే 78,000 రూపాయలు కేంద్రం రాయితీ ఇస్తుంది. ఒక కిలోవాటు పలకలు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు తీస్తాయి. పగలు మిగిలిన కరెంటు తీగల్లోకి పోతుంది, రాత్రి కావలసింది తీగల్లోంచి వస్తుంది. నెట్ మీటరు రెండూ రాసుకుని తేడాకు బిల్లు వేస్తుంది. లెక్కల్లో వంక పెట్టేందుకు ఏమీ లేదు. వంక పెట్టేది నాయనమ్మ. డెల్టాలో మేడకు అప్పటికే ఉద్యోగం ఉంది. మాఘమాసం నుంచి దానిమీద వడియాలు, అప్పడాలు, ఊరమిరపకాయలు, చింతపండు, కొత్త మినుములు వరసగా ఆరతాయి. పలకలకూ వడియాలకూ కావలసింది ఒకటే ఎండ, దక్షిణం వైపు, నీడ పడని చోటు. "అద్దాలు పెట్టుకోండి, వద్దన్లా. నా మంచం మీద నీడ పడితే మాత్రం ఊరుకోను" అని ఆవిడ షరతు పెడుతుంది. కుర్రవాడు టేపు పెట్టి కొలుస్తాడు, పలకలను ఉత్తరం పిట్టగోడ వైపు జరుపుతాడు, వాటి ముందు నవారు మంచానికి చోటు మిగులుతుంది. పలకల మీద దుమ్ము పడితే కరెంటు తగ్గుతుంది కాబట్టి తెల్లవారుజామున, అద్దం వేడెక్కకముందే కడగాలి. కోతుల సంగతి రాయితీ కాగితాల్లో ఎక్కడా లేదు.

పలకలతోపాటు సెల్‌ఫోన్లో చూసుకునే యాప్ ఒకటి వస్తుంది. గంట గంటకూ ఎంత కరెంటు తయారవుతోందో గీత గీసి చూపిస్తుంది. వేసవిలో కొడుకు ఇంటికి హైదరాబాద్ వెళ్ళిన పెద్దాయన దీపాల మీద నిఘా మానేసి రోజంతా ఆ గీతనే చూస్తూ కూర్చుంటాడు. మధ్యాహ్నం మూడింటికి గీత దబ్బున కిందికి పడగానే ఊళ్ళో పక్కింటికి ఫోను చేస్తాడు: "అమ్మాయ్, మనూళ్ళో మబ్బు పట్టినట్టుంది. మేడెక్కి మీ పిన్నమ్మ వడియాలు తీసెయ్, తడుస్తయ్."